శత్రువులు ఎప్పుడు పారిపోవాలి? మా టేబుల్ మీద ప్రతి ఫైటూ ఆఖరి గాబ్లిన్ చచ్చేదాకా సాగుతోంది

కొత్త_డీఎం:

అందరికీ హాయ్. డీఎం సీట్లో, అంటే కథనీ శత్రువుల్నీ నడిపేవాడి సీట్లో, కూర్చుని ఆర్నెల్లయింది, ఆడేది డీ అండ్ డీ (డంజన్స్ అండ్ డ్రాగన్స్, డైస్ వేస్తూ కథలో పాత్రలుగా ఆడే టేబుల్ ఆట) ఐదో ఎడిషన్, 2014 పుస్తకాలే. ఫైట్ ఎక్కడ ఆపాలో తెలియకపోవడమే నా బాధ.

మొన్నటి సెషన్ చెప్తా. వంతెన మీద ఎనిమిది మంది గాబ్లిన్లు (పొట్టి రాక్షసులు), మా పార్టీ, అంటే ఆటగాళ్ళ పాత్రలు, నలుగురు, అందరూ నాలుగో లెవెల్. మూడో రౌండ్ అయ్యేసరికి ఐదుగురు గాబ్లిన్లు పడిపోయారు, ఇంక ఎవరు గెలుస్తారో చిన్నపిల్లాడైనా చెప్పేస్తాడు, అయినా ఆ మిగిలిన ముగ్గురితో ఇంకో అరగంట పట్టింది ఎందుకంటే మావాళ్ళు స్పెల్ స్లాట్లు (లెక్కగా దొరికే పెద్ద మంత్రాలు) దాచుకుని క్యాంట్రిప్‌లు (ఎన్నిసార్లైనా వెయ్యగల చిన్న మంత్రాలు) వేస్తున్నారు, డైస్ పడట్లేదు, నేనేమో ప్రతి టర్న్‌కీ "గాబ్లిన్ కత్తి దూస్తాడు" అని అదే పాట. విజార్డ్ ఆడే ఆవిడ ఫోన్ తీసేసింది. చివరికి ఒక్కడే మిగిలాడు, 2 హెచ్‌పీ (ప్రాణం పాయింట్లు), నిలువెల్లా ఇనుము తొడుక్కున్న ఫైటర్ మోకాళ్ళ దగ్గర నిలబడి కత్తి ఊపుతున్నాడు. ఫైటర్ ఆడే అతను నావైపు చూసి "వీడికి ప్రాణం మీద తీపి లేదా?" అన్నాడు. అందరూ నవ్వారు. నాకు మాత్రం జవాబు తోచలేదు.

తర్వాతి సెషన్‌లో బుద్ధి తెచ్చుకుని దొంగల ముఠాని సగంలో పారిపోయేలా చేశా. అది ఇంకా ఘోరం. మావాళ్ళు వెంటపడి, బాణాలేసి, ఒక్కొక్కణ్ణీ ఏరి ఏరి చంపారు, దానికో ముప్పావు గంట. పైగా రోగ్ (దొంగ తరహా పాత్ర) ఆడేవాడు "వదిలేస్తే ఎక్స్‌పీ పోదా?" అన్నాడు, అంటే లెవెల్ పెరగడానికి వచ్చే పాయింట్లు.

మీరెలా చేస్తారు? డైస్ వేస్తారా, తోచినప్పుడు పంపించేస్తారా, లేక హెచ్‌పీ ఇంతకి తగ్గితే అని ఏమైనా లెక్కుందా?


పాతపుస్తకం:

తమ్ముడూ, ఇది ఎప్పుడో పరిష్కారమైపోయిన సమస్య. మధ్యలో పుస్తకాలు రాసినవాళ్ళే దాన్ని పక్కన పెట్టేశారు.

ఈ ఆట పుట్టిందే యుద్ధక్రీడల్లోంచి. 1971లో వచ్చిన చైన్‌మెయిల్ రూల్స్‌లోనే మొరేల్ ఉంది, అంటే దళం నిలబడుతుందా వెన్ను చూపుతుందా అన్న లెక్క. 1981 బేసిక్ సెట్‌కి వచ్చేసరికి ప్రతి రాక్షసుడి వివరాల్లో మొరేల్ అని 2 నుంచి 12 దాకా ఒక అంకె ఉండేది. వాడకం చాలా తేలిక. ఒక పక్షంలో మొదటి చావు జరిగినప్పుడు ఒకసారి, సగం మంది పడిపోయాక ఇంకోసారి, రెండు ఆరుముఖాల డైస్ వేస్తావు. ఆ అంకె కంటే ఎక్కువ పడిందా, వాళ్ళు కాలికి బుద్ధి చెప్తారు, లేదా కాళ్ళ బేరానికొస్తారు. రెండుసార్లూ నిలబడ్డారంటే ఇక చావో రేవో. 12 ఉన్నవాటికి డైసే అక్కర్లేదు, అస్థిపంజరాలు, జాంబీలు ఆ బాపతు.

చూడు, రెండే సందర్భాలు. ప్రతి రౌండ్‌కీ బుర్ర పాడుచేసుకోనక్కర్లేదు. రెండో ఎడిషన్‌లో, అంటే 1989లో, అది రెండు పదిముఖాల డైస్ అయింది, ప్లస్సులూ మైనస్సులూ బోలెడు చేరాయి, అయినా ఉండేది. 2000లో మూడో ఎడిషన్ వచ్చేసరికి రాక్షసుడి పక్కన ఆ అంకె మాయం. అప్పట్నుంచే ప్రతి గాబ్లిన్‌కీ వీరమరణం మీద మోజు పుట్టింది.


లెక్కలపిచ్చి:

పాతపుస్తకం గారు చెప్పిందానికి లెక్క జోడిస్తా, ఎందుకంటే ఇందులో ఒక తమాషా ఉంది.

1981లో మామూలు గాబ్లిన్ మొరేల్ 7. అంటే 8 గానీ ఆపైన గానీ పడితే పరుగు, 36 అవకాశాల్లో 15, దాదాపు 42 శాతం. రెండు చెక్‌లూ దాటుకుని చివరిదాకా నిలబడేది 34 శాతం. మూడు గాబ్లిన్ ఫైట్లు పెడితే సుమారు రెండు మధ్యలోనే తేలిపోతాయన్నమాట. మొరేల్ 8 అయితే ఒక చెక్‌లో బెదిరేది 28 శాతం, 9కి 17, 10కి 8 మాత్రమే. ఒక్క అంకె మారితే మనిషే మారిపోతాడు. గాబ్లిన్ రాజు పక్కనుంటే వాళ్ళ మొరేల్ 9 అవుతుంది, ఆ రెండు అంకెలే రాజుగారి విలువ.

ఇప్పుడు ఐదో ఎడిషన్‌కి రండి. 2014 డీఎం గైడ్‌లో మొరేల్ ఉంది, ఐచ్ఛిక రూల్‌గా ఒక మూలన, చాలామంది అక్కడిదాకా పేజీలు తిప్పరు. డీసీ 10 విజ్డమ్ సేవ్, అంటే ఇరవైముఖాల డైస్ వేసి, విజ్డమ్ (వివేకం) అంకెని బట్టి కాస్త కలిపో తీసేసో చూస్తే 10 గానీ ఆపైన గానీ రావాలి. ఊహించని దాడి జరిగినా, హెచ్‌పీ మొదటిసారి సగానికి పడినా, తన టర్న్‌లో ఎదుటివాళ్ళకి ఏ హానీ చేసే దారి లేకపోయినా వెయ్యొచ్చు. గుంపుకైతే నాయకుడు పడిపోయినా, అవతలివైపు ఒక్కరూ పడకుండా ఇవతల సగం మంది ఖాళీ అయినా. ఓడితే దొరికిన దారిన పరుగు, దారి లేకపోతే లొంగుబాటు.

చూడ్డానికి బానే ఉంది కదా, విజ్డమ్ అంకెలు పెట్టి చూడండి. గాబ్లిన్ విజ్డమ్ 8, నిలబడే అవకాశం సగానికి సగం. తోడేలుకి 12, అరవై శాతం. ఓగర్‌కి (భారీ రాక్షసుడు) 7, నలభై అయిదు శాతం. అంటే ఈ ముగ్గురిలో అందరికంటే పిరికిది ఓగర్! 1981లో అదే ఓగర్ మొరేల్ 10, వందలో ఎనిమిదిసార్లు బెదిరితే గొప్ప. తెలివీ ధైర్యమూ ఒకటే అనుకుంటే ఇలాగే ఏడుస్తుంది లెక్క. నిజానికి తెలివి ఎక్కువైతే ముందే పారిపోవాలి కదా 🙂 అస్థిపంజరానికి కూడా విజ్డమ్ 8 ఉంది, రూల్‌ని కళ్ళు మూసుకుని వాడితే ఎముకలు కూడా భయపడి పరిగెడతాయి.

అందుకని నేను ఐదో ఎడిషన్ ఆడుతూనే 2డీ6 (రెండు ఆరుముఖాల డైస్), పాత అంకెలు వాడతా. ఏ అడ్డమూ రాలేదు.


గుడ్లగూబ:

అంకెలు బావున్నాయి గానీ నాకో అభ్యంతరం ఉంది. డైస్ "భయపడ్డాడా లేదా" అన్నది చెప్తుంది, "అసలు ఎందుకొచ్చాడు" అన్నది చెప్పదు. నా అనుభవంలో ఈ రెండోదాన్లోనే విషయమంతా ఉంది.

ఫైట్ రాసుకునేటప్పుడు హెచ్‌పీ, ఏసీ (దెబ్బ తగలాలంటే దాటాల్సిన అంకె) పక్కన ఒక్క వాక్యం రాస్తా. వీళ్ళకి ఏం కావాలి, ఏం చూస్తే వద్దనుకుంటారు. అంతే.

తోడేళ్ళ గుంపు అనుకోండి. వాటికి కావాల్సింది తిండి. పార్టీలో అందరినీ చంపాలని వాటికేం పంతం లేదు. మొదటి తోడేలుకి గట్టి దెబ్బ తగిలి కుయ్యిమనగానే మిగతావి వెనక్కి జరిగి చుట్టూ తిరుగుతాయి, ఎవరి దృష్టీ లేని గాడిదని కొరికి ఈడ్చుకుపోతాయి, అక్కడితో ఫైట్ అయిపోయింది, హెచ్‌పీ నిండుగా ఉన్నా సరే. అదే పిల్లలున్న ఆడ ఎలుగుబంటి అయితే 3 హెచ్‌పీ మిగిలినా కదలదు, కానీ మీరు నాలుగడుగులు వెనక్కేస్తే అదీ ఆగుతుంది. దారిదోపిడీ వాడికి మీ మూట కావాలి, మీతో యుద్ధం కాదు, వాడు ఒక రౌండ్ చూసి బేరం కుదరదనుకుంటే జారుకుంటాడు. జీతానికి కాపలా కాసేవాడు ఇంకో రకం, వాడికి మీకంటే వాడి కెప్టెన్ అంటే ఎక్కువ భయం, కాబట్టి కెప్టెన్ చూస్తున్నంతసేపూ నిలబడతాడు, కెప్టెన్ కళ్ళు అటు తిరిగాయా, మెట్ల మీద ఉండడు.

మీ వంతెన మీద ఎనిమిది మంది గాబ్లిన్లు ఎందుకున్నారండీ? అది చెప్తే ఎప్పుడు పారిపోవాలో నేను చెప్తా.


కొత్త_డీఎం:

నిజం చెప్పనా గుడ్లగూబ గారూ, వంతెన ఉంది కదా అని పెట్టా.


గుడ్లగూబ:

😄 అదే మరి.


రోగ్‌గాడు:

డీఎంలందరూ మాట్లాడేసుకుంటున్నారు, ఆటగాడిగా నేను చెప్పేది వినండి. మేం ఎందుకు వెంటపడి చంపుతామో తెలుసా? మాకు అలా నేర్పింది మీరే!

నా మొదటి క్యాంపెయిన్‌లో ఒక గాబ్లిన్‌ని జాలిపడి వదిలేశాం. పక్క గదిలోంచి ఇరవై మందిని వెంటేసుకొచ్చాడు. ఇంకోసారి లొంగిపోయిన దొంగని కట్టేసి పడుకుంటే రాత్రికి కట్లు తెంపుకుని మా క్లెరిక్ గొంతు కోశాడు. మూడోసారి ఒక మంత్రగాడు "పొగలో మాయమైపోయాడు", మేమేం చేసినా ఆపలేకపోయాం, ఆరు సెషన్ల తర్వాత వాడే మెయిన్ విలన్. ఇన్ని చూశాక ఎవడైనా వెన్ను చూపితే మాకు కనిపించేది పారిపోయేవాడు కాదు, రేపటి చావు. పాముని సగం చంపి వదిలేస్తామా?

ఇంకొకటి, ఎక్స్‌పీ. గాబ్లిన్‌కి 50 అని పుస్తకంలో రాసి పెట్టి, వాడు పరిగెత్తగానే ఇవ్వనంటే వెంటపడక ఏం చేస్తాం.


పాతపుస్తకం:

రోగ్‌గాడి మాటలో న్యాయం ఉంది. పాత ఆటలో ఇది అంత ఇబ్బంది కాకపోడానికి కారణం కూడా ఎక్స్‌పీయే. 1981లో గాబ్లిన్‌ని చంపితే వచ్చేది 5 ఎక్స్‌పీ. బయటికి మోసుకొచ్చిన ప్రతి బంగారు నాణేనికీ ఒక ఎక్స్‌పీ. ఇంక చీకట్లో గాబ్లిన్ వెనక పరిగెత్తేవాడెవడు? వాడు పారిపోతే పీడా పోయింది, పెట్టె తెరవండిరా అనేవాళ్ళం. ఇప్పటి ఆటలో చంపడమే జీతం అయిపోయింది, కాబట్టి జీతం కోసం పరుగులు.

కొత్త డీఎం గారూ, ముందు టేబుల్ మీద బిగ్గరగా చెప్పెయ్యండి: పారిపోయినా, లొంగినా, మాటలతో వెళ్ళగొట్టినా ఎక్స్‌పీ పూర్తిగా ఇస్తాను అని. లేదా మైల్‌స్టోన్ లెవెలింగ్‌కి (కథలో ఘట్టాలు దాటితే లెవెల్ పెరగడం) మారిపోండి. ఇది చెయ్యకుండా మొరేల్ పెడితే మీ రెండో సెషన్ లాగే ఉంటుంది ప్రతిసారీ.


అమావాస్య:

ఒక ప్రాక్టికల్ గొడవ ఎవరూ ఎత్తట్లేదు. ఐదో ఎడిషన్‌లో రూల్స్ ప్రకారం పారిపోవడం దాదాపు ఆత్మహత్య.

చూడండి, దొంగకి స్పీడ్ 30 అడుగులు, మన ఫైటర్‌కీ 30. దొంగ డిసెంగేజ్ (జాగ్రత్తగా విడిపోవడం) చేస్తే ఆపర్చునిటీ అటాక్ (పక్కనుంచి పోయేవాడి మీద పడే అదనపు దెబ్బ) తప్పుతుంది గానీ యాక్షన్ అయిపోయింది, 30 అడుగులు పోతాడు, ఫైటర్ తన టర్న్‌లో అదే 30 అడుగులు వచ్చి మళ్ళీ కొడతాడు. డాష్ చేస్తే (యాక్షన్ కూడా పరుగుకే వాడితే) 60 అడుగులు పోతాడు గానీ బయల్దేరేటప్పుడే వీపు మీద ఒకటి పడుతుంది, తర్వాత బాణాలు. 5 హెచ్‌పీతో ఉన్నవాడు ఏది ఎంచుకున్నా శవమే. ఆ లెక్క తెలిసిన డీఎం "ఎలాగూ చస్తాడు, ఇంకో దెబ్బ కొట్టే చావనీ" అనుకుంటాడు. గాబ్లిన్‌కి మాత్రం ఈ బాధ లేదు, వాడికి డిసెంగేజ్ గానీ హైడ్ (దాక్కోవడం) గానీ అదనంగా దొరికే బోనస్ యాక్షన్‌లోనే అయిపోతుంది, మీ వంతెన గాబ్లిన్లు ఎంచక్కా రెయిలింగ్ దూకి పోయుండేవాళ్ళు.

నేను చేసేది ఇది. శత్రువులంతా పారిపోవాలని నిర్ణయమైన క్షణంలో ఇనిషియేటివ్ (ఎవరి టర్న్ ఎప్పుడన్న వరస) ఆపేస్తా. గ్రిడ్ మీద గళ్ళు లెక్కపెట్టడం బంద్. పక్కనే ఉన్నవాళ్ళకి తలా ఒక ఆపర్చునిటీ అటాక్ ఇస్తా, దూరంగా ఉన్నవాళ్ళకి ఒక్క బాణమో ఒక్క క్యాంట్రిపో. దాని తర్వాత బతికున్నవాళ్ళు వెళ్ళిపోయారు. వెంటపడతామంటే అది వేరే సీన్, దానికి డీఎం గైడ్‌లో చేజ్ రూల్స్ ఉన్నాయి, 3 ప్లస్ కాన్‌స్టిట్యూషన్ (ఒంటి దారుఢ్యం) మోడిఫయర్ ఎన్నో అన్నిసార్లు డాష్ చెయ్యొచ్చు, ఆ తర్వాత ప్రతి డాష్‌కీ అలసట భయం. ఇలా చెప్పగానే నూటికి తొంభైసార్లు మావాళ్ళు "వదిలేద్దాంలే" అంటారు, ఎందుకంటే వెంటపడ్డం ఉచితం కాదని తెలిసింది.

ఈ ఐడియా నాకు థర్టీన్త్ ఏజ్ అనే ఇంకో ఆట నుంచి వచ్చింది. అందులో పారిపోయే రూల్ ఆటగాళ్ళ కోసం ఉంది, ఎవరి టర్న్‌లోనైనా "పారిపోదాం" అని ప్రతిపాదించి అందరూ సరే అంటే పడిపోయినవాళ్ళతో సహా అందరూ బయటపడతారు, డైస్ లేదు, బదులుగా కథలో ఏదో ఒకటి గట్టిగా నష్టపోతారు. దాన్నే శత్రువులకి తిప్పి వాడుతున్నా. వాళ్ళు బతికిపోతారు, కానీ ఏదో వదిలి పోతారు.


పాతపుస్తకం:

అమావాస్య గారూ భలే చెప్పారు, "వదిలి పోవడం" అంటే గుర్తొచ్చింది. బేసిక్ సెట్‌లో పార్టీ పారిపోతున్నప్పుడు వెనక వచ్చేవాటికి తిండో నిధో పారేస్తే 1డీ6 మీద 1 నుంచి 3 పడితే అవి ఆగిపోయేవి. జంతువులకి తిండి, తెలివున్నవాటికి నిధి. శత్రువులు కూడా అదే చెయ్యొచ్చు కదా. పరిగెడుతూ డబ్బు సంచి విప్పి దారంతా నాణేలు చల్లే దొంగని ఒకసారి పెట్టి చూడండి, మీ రోగ్ వాడి వెనక వెళ్తాడో నాణేల దగ్గర వంగుతాడో 😄

ఇంకోటి, అందులో రెండు రకాల వెనకడుగులు ఉండేవి. మొహం శత్రువు వైపే పెట్టి కత్తి ఆడిస్తూ సగం స్పీడ్‌తో వెనక్కి జరగడం ఒకటి. తిరిగి పరిగెత్తడం ఇంకొకటి, అప్పుడు డాలు పనికిరాదు, కొట్టేవాడికి ప్లస్ 2. శిక్షణ ఉన్న హాబ్‌గాబ్లిన్లు మొదటి రకం, గాబ్లిన్లు రెండో రకం. ఒక్క డైస్ వెయ్యకుండానే ఎవరు సైనికులో ఎవరు రౌడీ మూకో టేబుల్‌కి అర్థమైపోతుంది.


రోగ్‌గాడు:

నాణేల దగ్గరే వంగుతాను, అందులో అనుమానమే లేదు.


నత్తనడక:

గుడ్లగూబ గారి పద్ధతి వినడానికి అందంగా ఉంటుంది, నేనూ రెండేళ్ళు అలాగే నడిపా, తర్వాత మానేశా. ఎందుకో చెప్తా.

డైస్ లేకుండా "వీళ్ళకేం కావాలి" అని డీఎం ఒక్కడే నిర్ణయిస్తే, ఆ డీఎం మనసులో ఇంకో లెక్క కూడా నడుస్తుంటుంది. క్లెరిక్ పడిపోయాడు, విజార్డ్ 4 హెచ్‌పీ, ఇంకో రౌండ్ అయితే మొత్తం పార్టీ పోతుంది. అప్పుడు శత్రువులకి హఠాత్తుగా "ఇక చాలు" అనిపిస్తుంది. నేనూ చేశాను ఆ పని. మూడోసారి చేసినప్పుడు మా పాలడిన్ (ధర్మయోధుడి పాత్ర) ఆడే అక్క డైస్ కింద పెట్టి "మేం ఓడిపోతున్నప్పుడే వీళ్ళకి పనులు గుర్తొస్తాయేంటి" అంది. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ రోజు నుంచి మొరేల్ డైస్ తెర వెనక వెయ్యను, టేబుల్ మధ్యలో వేస్తా, అంకె ముందే చెప్తా. "ఎనిమిది దాటితే పారిపోతారు." అందరూ ముందుకి వంగి చూస్తారు. నిజం చెప్పాలంటే మా టేబుల్‌లో అటాక్ రోల్ కంటే దానికే ఎక్కువ అరుపులు.

అదీకాక నాకే తెలియకుండా జరుగుతుంది కదా, అందులో సరదా ఉంది. ఒకసారి ఒంటరిగా మిగిలిన కోబోల్డ్‌కి (బల్లి లాంటి బుల్లి రాక్షసుడు) మొరేల్ వేస్తే రెండు ఒకట్లు పడ్డాయి. వాడు నిలబడ్డాడు! ఎందుకు నిలబడ్డాడో అప్పటికప్పుడు ఆలోచించాల్సొచ్చింది, చూస్తే వాడి వెనక బుట్టలో గుడ్లున్నాయి. ముందు రాసుకుంటే నాకు ఆ గుడ్లు తట్టేవి కావు.


గుడ్లగూబ:

ఒప్పుకుంటా, గుడ్ల బుట్టకి నేను లొంగిపోయాను.

మధ్యేమార్గం: ఏం కావాలో ముందు రాసుకోండి, అది స్పష్టంగా జవాబు చెప్పినప్పుడు డైస్ వద్దు. మూట దొరికిన దొంగ వెళ్ళిపోతాడు, దానికి డైస్ ఎందుకు. రెండు వైపులా లాగుతున్నప్పుడు, అంటే ప్రాణభయం ఒకవైపు, కెప్టెన్ భయమో పిల్లలో పంతమో ఇంకోవైపు, అప్పుడు డైస్, అదీ అందరి కళ్ళముందు. కానీ మీ పాలడిన్ అక్క మాట నన్ను గుచ్చుతోంది, ఎందుకంటే నేనూ ఆ నేరం చేసినవాణ్ణే.


మూడోకన్ను:

లొంగిపోవడం గురించి ఎవరూ వివరంగా రాయలేదు, పారిపోవడం కంటే అదే పెద్ద తలనొప్పి.

కత్తి కింద పడేసి చేతులెత్తిన గాబ్లిన్ ఒక్కడు చాలు సెషన్ ఆగిపోడానికి. పాలడిన్ చంపనివ్వడు, రోగ్ వదలనివ్వడు, విజార్డ్ ప్రశ్నలడుగుతాడు, తాడు ఎవరి దగ్గరుంది, వాణ్ణి ఎవరు మోస్తారు, ఒక్కోసారి నిజంగానే మనుషులు మనుషుల మీద అరుచుకుంటారు. అందుకని నాకు మూడు అలవాట్లు. లొంగినవాడు నోరు విప్పితే పనికొచ్చే మాట ఒకటి వాడి దగ్గర తప్పకుండా ఉంటుంది, ముందు గదిలో ఉచ్చు ఎక్కడుందో, ఎంతమంది ఉన్నారో. వాణ్ణి ఏం చెయ్యాలన్నదానికి సులువైన దారి నేనే చూపిస్తా, "ఆయుధాలు లాక్కుని ఆ గదిలో పెట్టి గడియ వేసుకోండి, నేను అరవను" అని వాడి చేతే చెప్పిస్తా. ఇక మూడోది ముఖ్యం, రోగ్‌గాడు చెప్పిన గొంతు కోసే సీన్ నేను ఎప్పుడూ పెట్టను. అలాంటి మోసం ఒక్కసారి జరిగితే మీ క్యాంపెయిన్‌లో ఇంక ఎవరూ ఖైదీని తీసుకోరు, ఆ ఒక్క సీన్ కోసం మిగతా అన్నీ పోగొట్టుకున్నట్టే. మాట ఇచ్చిన శత్రువు మాట నిలబెట్టుకుంటాడని పది పదిహేనుసార్లు చూపించాక, అప్పుడు కావాలంటే ఒక్కడు తప్పొచ్చు.

నాలుగో ఎడిషన్‌లో, 2008లో, ఇంటిమిడేట్‌తో (బెదిరింపుతో) సగం హెచ్‌పీకి పడిన శత్రువుని లొంగదీసుకునే దారి ఆటగాళ్ళ చేతుల్లోనే పెట్టారు. ఆ సగానికి 'బ్లడీడ్' అని పేరు కూడా ఉండేది. ఆ పేరు వినగానే టేబుల్‌కి తెలిసేది, ఇప్పుడు మాట్లాడొచ్చు అని. ఇప్పుడు ఏ ఎడిషన్ ఆడినా నేను దాన్ని వదల్లేదు.


కొత్త_డీఎం:

చాలా థాంక్స్ అందరికీ, ఇన్ని వస్తాయనుకోలేదు. ఒక డౌట్. నాయకుడు చస్తే మిగతావాళ్ళు వెంటనే పరిగెత్తాలా? అలా అయితే మావాళ్ళు ప్రతి ఫైట్‌లో నాయకుణ్ణే కొడతారేమో.


లెక్కలపిచ్చి:

కొట్టనివ్వండి, అది మంచి వ్యూహమే కదా. ద్రోణుడు పడగానే కౌరవసేన చెల్లాచెదురైంది, వాళ్ళకి లేని సిగ్గు గాబ్లిన్లకెందుకు. కానీ వెంటనే అని కాదు, నాయకుడు పడితే ఒక చెక్, అంతే. ఇంకా కావాలంటే నాయకుడు ఎలాంటివాడో చూడండి. ప్రేమించే నాయకుడు పడితే ఒక రౌండ్ కసిగా కొడతారు, తర్వాత కుంగిపోతారు. కొట్టి పని చేయించుకునే నాయకుడు పడితే వాడి శవం నేల తాకకముందే ఖాళీ. ప్రగల్భాలు పలికే ఉత్తరకుమారుడి బాపతు నాయకుడైతే వాడే ముందు పరిగెడతాడు, అప్పుడు మిగతావాళ్ళ మొహాలు చూడాలి.


అమావాస్య:

ఒక చిన్న మాట, చెక్ కంటే ముందు సూచన ఇవ్వండి. డీఎంకి మాత్రమే తెలిసిన భయం ఆటగాళ్ళకి లేనట్టే. "వాడికి 6 హెచ్‌పీ ఉంది" అనకుండా "వాడి కళ్ళు మీ మీద లేవు, మీ వెనకున్న తలుపు మీదున్నాయి" అనండి. ఇద్దరు గాబ్లిన్లు ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు అనండి. అది వినగానే ఎవరో ఒకరు "తలుపు దగ్గర్నుంచి జరుగుతా" అంటారు. ఫైట్ అక్కడితో అయిపోతుంది, మీరు డైస్ ముట్టుకోనక్కర్లేదు. ఎలుకని మూలకి తోసి తప్పించుకోలేదేంటి అని ఆశ్చర్యపోతే ఎలా, దారి కూడా ఉండాలి కదా. మ్యాప్ గీసేటప్పుడే రెండో తలుపు గీసుకోండి.


కొత్త_డీఎం:

రెండు సెషన్లయ్యాయి, అప్‌డేట్ ఇస్తా అనుకున్నా.

ముందు ఎక్స్‌పీ సంగతి చెప్పేశా, పారిపోయినా పూర్తిగా ఇస్తానని. రోగ్ "రాసివ్వు" అన్నాడు, రాసిచ్చా.

పాడుబడ్డ మరలో దొంగలు, ఎనిమిది మంది. ఈసారి ఎందుకున్నారో రాసుకున్నా: దొంగిలించిన ధాన్యం బస్తాలు రాత్రికి బండెక్కించాలి, జీతం పని అయ్యాకే. మొరేల్ 8 అని పెట్టుకున్నా. తలుపులు మూడు గీశా. మొదటి రౌండ్‌లో ఒకడు పడ్డాడు, టేబుల్ మధ్యలో డైస్ వేశా, 5, నిలబడ్డారు. రెండో రౌండ్‌లో ఫైటర్ వాళ్ళ పెద్దని ఒక్క క్రిటికల్‌తో పడేశాడు. సగం కాలేదు గానీ నాయకుడు కదా అని మళ్ళీ వేశా. చెయ్యి వణికింది, నవ్వకండి. 6, 3. తొమ్మిది.

ఇనిషియేటివ్ ఆపేసి తలా ఒక దెబ్బ ఇచ్చా. ఇద్దరు పడ్డారు, మిగతా నలుగురు మూడు తలుపుల్లోంచి పడుతూ లేస్తూ పోయారు. వాళ్ళలో ఒక కుర్రాడు బురదలో బూటు ఇరుక్కుపోతే దాన్ని వదిలేసి ఒంటికాలి బూటుతో పరిగెత్తాడు, అది ముందు అనుకున్నది కాదు, నోటికొచ్చేసింది. రోగ్ "వెనక పడదామా" అన్నాడు. నేను గుండె బిగబట్టుకుని కూర్చున్నా. ఫైటర్ "బస్తాలిక్కడే ఉన్నాయిగా, వాళ్ళతో మనకేం పని" అన్నాడు. మొత్తం ఫైట్ పాతిక నిమిషాలు. విజార్డ్ ఫోన్ బ్యాగ్‌లోనే ఉంది.

రెండోది అంత బాగా జరగలేదు. గుహలో ఓగర్‌కి లెక్కలపిచ్చి గారు చెప్పిన 10 పెట్టా, ఎలాగూ నిలబడతాడులే అనుకుంటే మొదటి చెక్‌లోనే 11 పడింది, దారిలేని గుహ కదా, ఓగర్ కూర్చుని ఏడ్చేశాడు. ఎవరూ సిద్ధంగా లేము, నేను అసలే లేను. ఇరవై నిమిషాలు వాడితో ఏం చెయ్యాలో చర్చ, చివరికి క్లెరిక్ వాడికి అన్నం పెట్టింది. మూడోకన్ను గారి మాట ముందే వినుండాల్సింది, వాడి దగ్గర చెప్పడానికి ఏమీ లేదు, అప్పటికప్పుడు ఏదో వంకర మ్యాప్ కల్పించా, ఇప్పుడు ఆ మ్యాప్ ఎక్కడికి పోతుందో నేనే రాసుకోవాలి.

ఇంకో ఇబ్బంది. ఫైటర్ ఆ బూటుని మూటలో పెట్టుకున్నాడు. వచ్చే సెషన్‌లో ఆ కుర్రాణ్ణి వెతికి ఇస్తాడట. వాడికి పేరు కావాలి, ఎవరైనా చెప్పండి.


రోగ్‌గాడు:

ఒంటిజోడు.


నత్తనడక:

ఒంటిజోడుకి నా ఓటు. మొరేల్ 6 పెట్టండి, బూటు దొరికాక 9.